ఇంటర్నెట్‌లో ఆవకాయ అమ్మబోయి...

గోదావరి ఒడ్డున ఉన్న మా పల్లెలో అత్తగారు పెట్టే ఆవకాయకు మంచి పేరుంది. హైదరాబాదులోని బంధువులు ఏటా జాడీలతో పట్టుకెళ్తారు. "దీన్నే ఇంటర్నెట్‌లో పెడితే ఎంతమంది కొంటారో!" అన్నాడు డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి. అది 2021 వేసవి. మేమూ బహుగా ఉత్సాహపడ్డాము. మెడలోని గొలుసు బ్యాంకులో కుదువబెట్టి 40 వేల రూపాయలు తెచ్చాము. ఇటువంటి ప్రయత్నం తలపెట్టిన కుటుంబాలు మన సంఘాలలో ఇంకా ఉంటాయి గనుక, మాకు జరిగినది దాచకుండా వ్రాస్తున్నాము.

మొదట కాగితాల పని. తినే వస్తువు అమ్మేవారికి ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నమోదు ఉండాలి. మావంటి చిన్నవారికి అప్పట్లో ఏడాదికి 100 రూపాయలే. ఇంటర్నెట్ అంగడిలో సరుకు పెట్టాలంటే, అమ్మకం ఎంత తక్కువైనా జి.ఎస్.టి. నమోదు కూడా తప్పనిసరి అన్నారు. (స్వరాష్ట్రంలోనే అమ్ముకునే చిన్నవారికి 2023 అక్టోబరు 1 నుండి దీనిని సడలించారు.) ఆ లెక్కలు చూసేవారికి ఫీజు ఇవ్వవలసి వచ్చింది. అది మేము అనుకోని ఖర్చు.

అసలు దెబ్బ పెట్టె దగ్గర తగిలింది. సీసా పగలకూడదని పెద్ద అట్టపెట్టెలో గడ్డి కూరి పంపాము. సీసాతో కలిపి కిలోకు లోపే ఉంటే, రెండు కిలోలకు కిరాయి పట్టారు. విచారిస్తే తేలిందేమిటంటే, కొరియరువారు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె అసలు బరువుకంటే ఎక్కువైతే దానికే డబ్బు. మా పెట్టె 25, 20, 20. అనగా గాలికి కిరాయి కట్టామన్నమాట! పిమ్మట మూత బిగువుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాకు, 15, 12, 15 పెట్టెకు మారాము.

సరుకు అందాక డబ్బు ఇచ్చే పద్ధతి ఇంకొక చిక్కు. మూడు నెలల్లో 90 పంపితే 23 తిరిగి వచ్చాయి. కొందరు తలుపే తీయలేదు. తిరిగొచ్చిన వాటిని మళ్లీ అమ్మడానికి మనసొప్పలేదు. నూనె కారిన డబ్బా అందుకున్న ఒకామె ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చింది. ఆమె తప్పేమీ లేదు.

డిసెంబరులో ఒక రాత్రి దీపం దగ్గర లెక్క చూశాము. అరకిలో ధర 250. దినుసులకు 110, డబ్బాకు, పెట్టెకు 35, కమీషనుకు, రవాణాకు 90. మిగిలేది 15. తిరిగి వచ్చిన ఒక్క డబ్బా పదిహేను డబ్బాల లాభాన్ని మింగేస్తున్నది. అంతా విని అత్తగారు, "బాబూ, ఇందులో నా చేతి కూలి ఏదయ్యా?" అని అడిగారు. మాకు మాట రాలేదు. ముక్కలు కొట్టినవారికి కూలి ఇచ్చాము గాని, ఆవ దంచి, కలిపి, వారం రోజులు నడుము వంచిన ఆమె పేరు పుస్తకంలో ఎక్కడా లేదు.

ఆ అంగడి మూసివేశాము. గొలుసు విడిపించడానికి 2023 దాకా పట్టింది. ఇప్పుడు ఎరిగినవారికి, వారు చెప్పినవారికి మాత్రమే వాట్సాప్‌లో చెబుతాము. డబ్బు ముందుగా ఫోనులో వేస్తేనే, ఎన్ని డబ్బాలు కావాలో లెక్కగట్టి కాయ కొంటాము. ధర 340. ఖరీదని మానుకున్నవారూ ఉన్నారు. పుస్తకంలో మొదటి వరుసలో అత్తగారి కూలి వ్రాస్తున్నాము.