రోళ్ళపాడు, లంకమల: మెట్ట సేద్యం నడుమ రెండు అభయారణ్యాలు

మిడుతూరు మండలంలోని రోళ్ళపాడు అభయారణ్యాన్ని తొలిసారి చూడవచ్చిన విద్యార్థి దానిని గుర్తించకుండా దాటిపోయే అవకాశమే ఎక్కువ. అరణ్యమన్న పేరుకు తగిన చెట్లు అక్కడ కనిపించవు. గడ్డి, అక్కడక్కడ తుమ్మ, రేగు పొదలు, రాళ్ళు తేలిన పలుచని నేల, నలువైపులా రైతుల పొలాలు, ఇంతే. విస్తీర్ణం కేవలం 6.14 చదరపు కిలోమీటర్లు. పూర్వపు కర్నూలు జిల్లాలో, 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరిన ఈ గడ్డినేలను 1988లో అభయారణ్యంగా ప్రకటించడానికి కారణం ఒక్క పక్షి. రైతులు దానిని బట్టమేక అంటారు.

బట్టమేక పక్షి ఎగరగల పక్షులలో మిక్కిలి బరువైన వాటిలో ఒకటి. మగపక్షి సుమారు మీటరు ఎత్తు పెరిగి 15 కిలోల వరకు తూగుతుంది. గూడు కట్టదు, వానకాలంలో బట్టనేల మీద సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. మిడతలు, పేడపురుగులు, బల్లులు, రేగుపండ్లు, వేరుశనగ గింజలు దీని ఆహారం. 2011లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దీనిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. నేడు దేశం మొత్తం మీద మిగిలినవి 150కి లోపేనని అంచనా; వాటిలో అత్యధికం రాజస్థాన్ ఎడారిలోనివి.

1980లలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం రోళ్ళపాడులో క్షేత్రకేంద్రం నెలకొల్పి, అసద్ రహమానీ, రంజిత్ మనకడన్ వంటి శాస్త్రవేత్తల ద్వారా ఈ పక్షిని సంవత్సరాల తరబడి పరిశీలించింది. కాపలా పెరిగింది, గడ్డి పెరిగింది, పక్షులూ పెరిగాయి. రక్షణ ఫలించిందని అందరూ తలచిన ఆ దశ ఎక్కువ కాలం నిలువలేదు. 1990లలో సంఖ్య తగ్గుముఖం పట్టింది. నేడు రోళ్ళపాడులో బట్టమేక కనిపించడమే వార్త. అభయారణ్యపు హద్దులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. హద్దులు చెదరకుండానే పక్షి ఎట్లు పోయిందన్నది వ్యవసాయ విస్తరణ రంగంలో ఉన్నవారు ప్రత్యేకంగా ఆలోచించదగిన ప్రశ్న, ఎందుకంటే సమాధానంలో పెద్ద భాగం హద్దుకు ఇవతల, పొలాలలో ఉంది.

ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డి మీద మాత్రమే బట్టమేక బతకలేదు. అది గుడ్డు పెట్టడానికి, మగపక్షి ఆట ఆడడానికి గడ్డినేలను వాడుకొన్నది. మేతకు మాత్రం చుట్టుపక్కల మెట్టపొలాలకు పోయేది. సాలుకు సుమారు 670 మిల్లీమీటర్ల వాన కురిసే ఆ ప్రాంతంలో జొన్న, కొర్ర, వేరుశనగ, కంది, ముంగారి పత్తి వర్షాధారంగా పండేవి. ఆ పైర్లు పలుచగా ఉండేవి, మందులు దాదాపు లేవు, ఏడాదిలో కొన్ని నెలలు భూమి బీడుగా పడి ఉండేది. పక్షికి కావలసినదీ అదే: తల ఎత్తి చూస్తే శత్రువు దూరం నుండే కనిపించే బయలు, పురుగులు నిండుగా ఉన్న నేల, మనుషుల అలికిడి తక్కువైన కాలం. ఆనాటి సేద్యం తనకు తెలియకుండానే అభయారణ్యానికి పొడిగింపుగా పనిచేసింది.

తరువాతి కాలంలో కె.సి. కాలువ వ్యవస్థకు అనుబంధమైన అలగనూరు సమతుల్య జలాశయం, బోరుబావులు ఆ ప్రాంతానికి నీటిని తెచ్చాయి. నీటితో పాటు పొద్దుతిరుగుడు, సంకరజాతి పత్తి వచ్చాయి. పైరు ఒత్తుగా, ఎత్తుగా పెరిగింది. పిచికారీలు పెరిగి మిడతలు తగ్గాయి. ఒక పంట స్థానంలో రెండు పంటలు వచ్చి, పొలంలో మనిషి లేని నెల లేకుండా పోయింది. ఇందులో రైతును తప్పుపట్టవలసినది ఏమీ లేదు. కరవుకు పేరుపడిన సీమలో తడి దొరికిన రైతు పంట మార్చుకొనక మానడు, మార్చుకొమ్మని చెప్పినది కూడా విస్తరణ యంత్రాంగమే. పొరపాటు ఏదైనా ఉన్నదంటే, అభయారణ్యాన్ని ప్రకటించిన శాఖ, పంటల ప్రణాళిక వేసిన శాఖ ఒకే నేల గురించి మాట్లాడుతున్నామని గుర్తించకపోవడంలో ఉంది.

ఆ కాలంలోనే మరొక సమస్య తలయెత్తింది. కాపలా వల్ల కృష్ణజింకలు కూడా పెరిగాయి. అవి రాత్రివేళ గడ్డినేల దాటి వేరుశనగ, కొర్ర చేలలో పడ్డాయి. నష్టపోయిన రైతు కంటికి బట్టమేక, జింక వేరువేరుగా కనిపించలేదు. రెండూ అటవీశాఖ జంతువులే. పక్షి పట్ల ఊరివారికి సహజంగా ఉన్న ఉదాసీనత క్రమంగా విముఖతగా మారింది. జింకను ఆపే కంచె గురించి, పంటనష్టానికి సకాలంలో పరిహారం గురించి మొదటినుండి శ్రద్ధ వహించి ఉంటే కథ వేరుగా ఉండేదేమో.

అలగనూరు నీళ్ళ మీద ఇప్పుడు శీతకాలంలో బాతులు, కొంగలు దిగుతాయి. పక్షులను చూడవచ్చినవారు వాటిని చూసి సంతోషిస్తారు, అది సహజమే. కానీ చిత్తడినేల పక్షులకు ఉన్న ఆకర్షణ గడ్డినేల పక్షులకు లేదు. మన రాష్ట్రంలో అంతర్జాతీయ రామ్సార్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడినేలగా కొల్లేరు 2002 నుండి ప్రసిద్ధం. పొడినేలకు అటువంటి ఒప్పందమే లేదు. నీరు చేరిన చోట జీవవైవిధ్యం పెరిగిందని చెప్పే లెక్కలో, ఎండు గడ్డి మీద మాత్రమే బతికే జాతి ఒకటి తరిగిపోయిన సంగతి కనిపించదు.

రోళ్ళపాడుకు ఇంకా మిగిలిన సంపద ఒకటుంది. శీతకాలం మొదలవుతూనే మధ్య ఆసియా వైపు నుండి పిల్లిగద్దలు వస్తాయి. ఇవి చెట్ల మీద నిద్రించవు. సాయంకాలం వందల సంఖ్యలో గడ్డిలో దిగి నేలమీదనే రాత్రి గడుపుతాయి. ఇంతటి గుంపులు ప్రపంచంలోనే అరుదు. తెల్లవారగానే నలుదిక్కుల పొలాల మీద తక్కువ ఎత్తులో తేలుతూ మిడతలను, ఎలుకలను పట్టుకొంటాయి. వాటి పడక అభయారణ్యంలో, కూడు రైతు చేలో. మిడతలను తిని పోయే ఈ అతిథుల సేవకు మన సస్యరక్షణ పాఠాలలో ఇంకా తగిన చోటు దొరకలేదు.

కడప జిల్లాలోని కథ ఇంతకంటె విచిత్రమైనది. కలివి పొదల మధ్య రాత్రివేళ తిరిగే కలివికోడి 1848లో శాస్త్రలోకానికి పరిచయమై, 1900లో అనంతపురం సమీపంలో కనిపించిన తరువాత మరి ఎవరి కంటా పడలేదు. అంతరించిందని పుస్తకాలు రాసుకొన్నాయి. 1986 జనవరిలో సిద్ధవటం వద్ద రెడ్డిపల్లె ప్రాంతంలో భరత్ భూషణ్ అనే పక్షిశాస్త్రవేత్త అన్వేషణ ఫలించి అది మళ్ళీ వెలుగు చూసింది. జాడ తెలిపినది స్థానిక వేటగాళ్ళే. ఊరూరా బొమ్మ చూపించి అడిగితే వారికి ఆ పక్షి తెలిసినదే అయింది. 1988లో తపాలాశాఖ దానిమీద బిళ్ళ విడుదల చేసింది. సుమారు 464 చదరపు కిలోమీటర్లతో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

విస్తీర్ణంలో ఇది రోళ్ళపాడు వలె చిన్నది కాదు. అయితే అందులో అధికభాగం ఎర్రచందనం పెరిగే కొండలు. కలివికోడి ఉండేది కొండ మీద కాదు, కొండపాదంలోని చదునైన ముళ్ళపొదలలో. అంటే అభయారణ్యానికీ ఊళ్ళకూ మధ్యనున్న అంచులో. సాయంకాలం మట్టిని మెత్తగా పరచి ఉదయం అడుగుజాడలు చూడడం, పొద్దు గ్రుంకిన తరువాత కొద్ది నిమిషాలు మాత్రమే వినిపించే కూతను పట్టుకోవడం, తనంత తానే చిత్రం తీసే కెమెరాలు పెట్టడం అనే మూడు పద్ధతులతో జగన్నాథన్ బృందం 2000 ప్రాంతం నుండి పరిశోధనలు జరిపింది. వారు తేల్చిన విషయం వ్యవసాయ విద్యార్థి గుర్తుంచుకోదగినది: రెండు మీటర్లకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుండి 700 వరకు, చిన్న పొదలు 1000కి లోపు ఉన్న చోటనే ఈ పక్షి కనిపించే అవకాశం ఎక్కువ. పొదలు నరికి నిమ్మతోట వేస్తే పక్షి ఉండదు. పూర్తిగా కంచె వేసి పొద దట్టమైపోనిచ్చినా ఉండదు. మేకలు మితంగా తిరిగే, కట్టెలు మితంగా కొట్టే పొదనేల కావాలి. మేకల కాపరిని శత్రువుగా చూసే సంరక్షణ ఇక్కడ పనికిరాదు.

మద్రాసు తాగునీటి కోసం, రాయలసీమ సాగునీటి కోసం తలపెట్టిన తెలుగుగంగ కాలువ తవ్వకం 2005లో ఈ పొదనేలలోకి వచ్చినప్పుడు వివాదం సర్వోన్నత న్యాయస్థానం నియమించిన కేంద్ర సాధికార సంఘం వరకు వెళ్ళింది. చివరకు కాలువ మార్గం మార్చారు. అదనంగా కొంత భూమిని పక్షి కోసం సేకరించారు. కాలువా ఆగలేదు, పొదలూ పూర్తిగా పోలేదు. దేశంలో ఇటువంటి రాజీలు తరచు కుదరవు కాబట్టి దీనిని చెప్పుకోవలసినదే. కాని కాలువ పారిన తరువాత దానికి ఇరువైపులా ఏమి పండుతుందన్న ప్రశ్న ఆ రాజీలో లేదు. రోళ్ళపాడు అనుభవం హెచ్చరించినది దాని గురించే.

నీటికీ నేలకూ పొత్తు కుదరాలన్న తెలివి ఈ సీమకు కొత్తది కాదు. లంకమలకు ఉత్తరాన ఉన్న పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన ఆ చెరువు గురించి చెబుతూ, చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను శాసనం పేర్కొన్నది. నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం రెండూ ఆ దోషాలలో ఉన్నాయి.

వాన తక్కువ, పశుపోషణ ఎక్కువ అయిన అరబ్బు దేశాలు ఇదే చిక్కును మనకంటె తీవ్రంగా చవిచూశాయి. జోర్డాన్‌లోని అజ్రక్ ఎడారి నడుమ ఉన్న ఊటనేల. 1977లోనే రామ్సార్ గుర్తింపు పొందింది. రాజధాని అమ్మాన్ తాగునీటికి, చుట్టుపక్కల బావుల సేద్యానికి భూగర్భజలం తోడగా తోడగా 1992 నాటికి ఆ ఊటలు ఎండిపోయాయి. గుర్తింపు అట్లే ఉంది, నీరు లేదు. తరువాత పంపులతో నీరు పోసి కొద్ది భాగాన్ని మాత్రం నిలబెట్టగలిగారు. ఒమన్‌లోని ఒరిక్స్ జింకల అభయారణ్యం గతి మరొకటి. 1972లో అడవినుండి అంతరించిన అరేబియా ఒరిక్స్‌ను 1982లో అక్కడ తిరిగి వదిలారు. 1994లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. 1996లో 450 ఉన్న జింకలు వేట వల్ల 65కు పడిపోయాయి. చమురు అన్వేషణ కోసం ప్రభుత్వం విస్తీర్ణంలో 90 శాతాన్ని తగ్గించగా 2007లో వారసత్వ జాబితా నుండి దాని పేరు తొలగించారు. ఆ జాబితా నుండి తొలగిన మొదటి స్థలం అదే.

అరబ్బులకు 'హిమా' అనే పాత సంప్రదాయం కూడా ఉంది. ఊరి పెద్దలు ఒక మేతనేలను కట్టడి చేసి, ఏ కాలంలో, ఎవరి పశువులు, ఎంతవరకు మేయవచ్చునో నిర్ణయిస్తారు. మేత నిషేధం కాదు, మేత క్రమం. లంకమల పొదలకు కావలసినది అడవిచట్టపు కంచె కంటె ఇటువంటి కట్టుబాటే. మనకూ అది తెలియనిది కాదు: అనంతపురం సీమలోని వీరాపురంలో ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగలను కాపాడుతున్నది ప్రధానంగా గ్రామస్థులే.

బయలునేలకు మన లెక్కల్లో ఉన్న పేరు కూడా ఒక అడ్డంకి. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా తయారైన జాతీయ బంజరుభూముల పటాలలో పొదనేల ఒక తరగతి బంజరు. బంజరన్న తరువాత దానిని ఏదో ఒక ఉపయోగంలోకి తేవడమే కర్తవ్యమని తోస్తుంది. పూర్వపు కర్నూలు జిల్లాలోనే గని, శకునాల గ్రామాల వద్ద 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 5,900 ఎకరాలకు పైగా ఆక్రమించింది. అది దాదాపు నాలుగు రోళ్ళపాడులంత నేల. సూర్యశక్తి అవసరం కాదనలేనిది. కాని మెట్టనేలలో తప్ప దానికి చోటు దొరకదన్న భావన ఆ నేల ఖాళీగా ఉన్నదన్న నమ్మకం నుండే పుట్టింది. ఎత్తైన విద్యుత్ తీగలను దూరం నుండి చూడలేక ఢీకొని చనిపోవడం బట్టమేకకు నేడు పెద్ద ముప్పు.

విస్తరణ శాస్త్రవేత్తకు ఇందులో చేయదగిన పని ఉంది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం సూర్యనంది వంటి స్వల్పకాలిక కొర్ర రకాలను అందించింది. చిరుధాన్యాలకు మార్కెట్టులో గిరాకీ తిరిగి లేచింది. అభయారణ్యం అంచు గ్రామాలలో కొర్ర, జొన్న, కంది అంతరపంటలను తక్కువ మందులతో సాగుచేయించి, ఆ ధాన్యానికి మంచి ధర ఇప్పించగలిగితే పక్షి పేర పంటకు లాభం, పంట పేర పక్షికి మేత దొరుకుతాయి. ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రం వంటివి సిద్ధవటం, బద్వేలు వైపు మేకల పెంపకందార్లతో మేతక్రమం మీద పనిచేయవచ్చు. ఇవి చిన్న పనులు. జీతం మీద కాపలాదారును పెట్టడం వలె కంటికి కనిపించవు, అందుకే ఏ శాఖ పద్దులోనూ సులభంగా ఇమడవు.

బట్టమేకకు రాజస్థాన్‌లో కొత్త ఆశ చిగురించింది. జైసల్మేరు పునరుత్పత్తి కేంద్రాలలో పొదిగించిన పిల్లలు పెరుగుతున్నాయి. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణ ద్వారా తొలి పిల్ల పుట్టింది. ఆ విద్యను మన శాస్త్రవేత్తలు అబూధాబీలో హౌబారా అనే అరబ్బు బట్టమేకను పెంచి విడుదల చేసే సంరక్షణ సంస్థ నుండి నేర్చుకొన్నారు. ఆ పక్షులను ఎన్నడైనా దక్షిణాదిలో వదలదలిస్తే రోళ్ళపాడు పేరు తప్పక తలపుకు వస్తుంది. అప్పుడు అడిగే ప్రశ్నలు గడ్డి గురించి మాత్రమే ఉండవు. చుట్టూ కొన్ని కిలోమీటర్ల మేర ముంగారులో ఏమి విత్తుతున్నారు, ఎన్నిసార్లు మందు కొడుతున్నారు, ఎన్ని నెలలు భూమి బీడుగా ఉంటుంది, తీగలు ఎటు పోతున్నాయి అని అడుగుతారు. వాటిలో మొదటి మూడింటికి సమాధానం అటవీశాఖ దస్త్రాలలో దొరకదు. మిడుతూరు మండలపు ఈ-పంట నమోదులో, ఆ పొలాల గట్ల మీద తిరిగిన వ్యవసాయ సహాయకుని జ్ఞాపకంలో దొరుకుతుంది.