రైలొచ్చిన ఊరే, రైలు తెచ్చిన ఊరు కాదు

అమెరికాలో పెరుగుతున్న మీకు రైలు పట్టణం అంటే ఒక లెక్క ఉంటుంది. పెన్సిల్వేనియాలోని అల్టూనానే చూడండి. 1849లో రైల్వే కంపెనీయే జాగా చూసి, వర్క్‌షాపులు పెట్టి, వాటి చుట్టూ ఊరిని లేపింది. మన దగ్గరా కాజీపేట, డోర్నకల్, గుంతకల్లు అలా రైలు పట్టుకుని పెరిగినవే. సెలవులకు హైదరాబాద్ వచ్చినప్పుడు ఒక రోజు రైల్లో గద్వాలకు వెళ్లి రమ్మనేది, గద్వాల ఆ కోవలోకి రాదు కాబట్టే. పాత స్టేషన్ ఉన్నంత మాత్రాన రైలే ఆ ఊరిని తయారుచేసిందనుకుంటే అక్కడ చూడాల్సిందంతా తలకిందులుగా కనిపిస్తుంది.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న ఆ నేలను నడిగడ్డ అంటారు. 17వ శతాబ్దంలో సోమభూపాలుడు, జనం నోట సోమనాద్రి, అక్కడ కోట కట్టించాడు. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది. గద్వాల సంస్థానపు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కాలేజీ కూడా ఆ కోటలోనే నడుస్తోంది. పండితులను ఆదరించిన సంస్థానం కనుక విద్వద్గద్వాల అన్న పేరొచ్చింది. నూలు చీరకు పట్టు అంచును మగ్గం మీదే కలిపి నేసే పనితనం ఇక్కడిది. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా జోడు పంచెలు వెళ్లేదీ ఇక్కడి మగ్గాల నుంచే. పాలన, పాండిత్యం, నేత అన్నీ కుదురుకున్న ఊరికి నిజాం రైల్వే మీటర్‌గేజి లైను ఇరవయ్యో శతాబ్దంలో గానీ రాలేదు. రాయచూరు లైను కలిసి గద్వాల జంక్షన్ అయింది 2013లో, అంటే మీలో చాలామంది పుట్టాకే.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. పక్క ఊళ్లను చూడండి, రైలు విలువ తెలుస్తుంది అంటారు. వనపర్తి వాళ్లకు దక్కింది పట్నానికి దూరంగా మదనాపురంలో ఉన్న వనపర్తి రోడ్ స్టేషన్. నాగర్‌కర్నూల్‌కు అదీ లేదు. గద్వాల నుంచి ఈ రెండు ఊళ్ల మీదుగా మాచర్లకు లైను వేయాలని దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. అడగడం న్యాయమే, హైదరాబాద్ ఆసుపత్రికి పోయే పేదవాడికి రైలు చార్జీకీ బస్సు చార్జీకీ తేడా చిన్నది కాదు. అయితే ఊరి రాత మారేది పట్టాలతోనే అన్న మాటను ఈ జిల్లాలే ఒప్పుకోవు. రైలు గడప దాకా రాకున్నా వనపర్తి చదువుల ఊరయింది: రాజావారి ప్యాలెస్‌లో నెలకొన్న పాలిటెక్నిక్‌ను 1959లో నెహ్రూ ప్రారంభించారు. నాగర్‌కర్నూల్ పొలాలకు కల్వకుర్తి ఎత్తిపోతలతో కృష్ణ నీళ్లు వచ్చాయి, రైలు కూత వినబడకుండానే. మరి దశాబ్దాలుగా రైలున్న నడిగడ్డ నుంచి వలసలు ఆగాయా? ఈ ప్రాంతపు వలస కూలీల పేరు పాలమూరు లేబర్‌గా దేశమంతా మోగిన కాలంలో ఆ బండ్లు కూలీలను బయటికి మోశాయి. బండి ఎటైనా మోస్తుంది. ఊళ్లో నిలబెట్టేది నీళ్లూ పనీ.

అలాంటప్పుడు రైల్లోనే ఎందుకు వెళ్లాలి, 44వ నంబరు జాతీయ రహదారి మీద కారులో పోతే సుఖం కదా అనొచ్చు. ఆ రోడ్డు గద్వాలను తాకదు, ఎర్రవల్లి దగ్గర మలుపు తిరగాలి. అయినా అసలు కారణం వేరే ఉంది. కాచిగూడలో ఎక్కితే ఈ ప్రాంతపు చరిత్ర కిటికీలో వరసగా వస్తుంది. జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య 1956 సెప్టెంబరులో వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ నవంబరులో అరియలూరు రైలు ప్రమాదం తర్వాత ఒప్పుకోక తప్పలేదు. మహబూబ్‌నగర్ దాటాక కురుమూర్తి జాతరకు దిగే స్టేషన్, వనపర్తి రోడ్, కృష్ణ మీద వంతెన, అది దాటితే నడిగడ్డ. దిగాక నేరుగా కోటకు వెళ్లండి, స్టేషన్‌ను తిరుగు ప్రయాణంలో చూసుకోవచ్చు. చీర కొనేటట్టయితే షోరూములో కాకుండా మగ్గమున్న ఇంట్లోనే అడిగి కొనండి, బేరం కాస్త తగ్గించి.