రిబ్కా మాటకు దేవుడు కోప్పడలేదు

పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు రిబ్కా గర్భవతి అయింది. పెళ్ళినాటికి ఇస్సాకు వయస్సు 40, కవలలు పుట్టేనాటికి 60 అని ఆదికాండము 25వ అధ్యాయం లెక్క చెబుతోంది. ఆ గర్భం ఊరికే రాలేదు. భర్త దేవుణ్ణి వేడుకుంటే వచ్చింది. అంతగా కోరుకున్న బిడ్డలు కడుపులో పడ్డాక తల్లి ఎలా ఉండాలి? మన లెక్క ప్రకారం రోజూ స్తోత్రాలు పాడుకుంటూ ఉండాలి. రిబ్కా మాత్రం అలా లేదు. లోపలి పెనుగులాటను తట్టుకోలేక, ఇక బతకడం దేనికన్నంత నిస్పృహలో పడిపోయింది. ఆ నిస్పృహను ఎక్కడా దాచుకోలేదు. దాన్ని నేరుగా దేవుని దగ్గరికే తీసుకువెళ్ళింది.

ఆయన ఇచ్చిన జవాబు చూడండి. అందులో గద్దింపు లేదు. అడిగి పొందిన వరాన్ని కాదంటావా అన్న నిష్ఠూరమూ లేదు. ఆమె కడుపులో ఏం జరుగుతోందో విడమరచి చెప్పాడు. అక్కడ ఉన్నది ఒకరు కాదు, ఇద్దరని, వారి నుంచి రెండు జనాంగాలు పుడతాయని తెలియజేశాడు. పెనుగులాట అప్పటికప్పుడు ఆగిపోయిందని వాక్యంలో లేదు. అయితే ఎందుకో తెలియని బాధకు ఒక కారణం తెలిసింది.

మన సంఘాల్లో గర్భవతులకు ఇలాంటి జవాబు దొరుకుతోందా? ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి గుమ్మం దగ్గర నెల తప్పిన కోడలు కళ్ళు తుడుచుకుంటే మనం ఏమంటున్నాం? "దేవుడిచ్చిన బహుమానం అమ్మా, ఏడవకూడదు" అంటాం. "నువ్వు ఏడిస్తే బిడ్డకు మంచిది కాదు" అంటాం. "ఇంకా బాగా ప్రార్థన చేసుకో" అని భుజం తడతాం. మంచి మనసుతోనే అంటాం. కానీ వినే ఆమెకు అప్పటిదాకా ఉన్నది ఏడుపు ఒక్కటే. ఇప్పుడు ఏడ్చినందుకు నేరభావం కూడా తోడవుతుంది. మరుసటి ఆదివారం ఆమె నవ్వు ముఖంతో "వందనాలండీ" అని, ఇంటికి వెళ్ళి గది తలుపు వేసుకుంటుంది.

ఇంతకూ ఆమె శరీరంలో ఏం జరుగుతోంది? తొలి వారాల నుంచే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు బాగా పెరుగుతాయి. గర్భాన్ని నిలబెట్టడానికి అవి కావాలి. అయితే అవి మనసు మీదా పనిచేస్తాయి. దానికి తోడు వేవిళ్ళు, నీరసం, అన్నం ఉడికే వాసనే పడకపోవడం. చిన్న మాటకే కన్నీళ్ళు వస్తాయి, అరగంటకే నవ్వు వస్తుంది. ఎందుకు విసుక్కుందో ఆమెకే తెలియదు. నాలుగో నెల దాటాక చాలామంది తేరుకుంటారు. చివరి నెలల్లో బరువు, నిద్రలేమి, కాన్పు భయం మళ్ళీ కలవరపెడతాయి. ఇంతకుముందు గర్భం పోయిన తల్లికైతే స్కానింగుకు వెళ్ళిన ప్రతిసారీ గుండె దడే. ఇవన్నీ విశ్వాసానికి కొలతలు కావు. తగిన తిండి, పగలు కాసేపు పడుక, వినే మనిషి ఒకరు ఉంటే చాలావరకు సర్దుకుంటాయి.

అలాగని అన్నిటినీ మామూలే అని కొట్టివేయడమూ ప్రమాదమే. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగానే ఉండడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, తిండీ నిద్రా బాగా తగ్గడం, నేను దేనికీ పనికిరానన్న ఆలోచన వదలకపోవడం - ఇవి కనిపిస్తే అది డిప్రెషన్ కావచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగే పని కూడా లేదు, ఆ రోజే వైద్యం కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భవతుల్లో నూటికి 10 మంది, బాలింతల్లో నూటికి 13 మంది మానసిక రుగ్మతతో, ముఖ్యంగా డిప్రెషన్‌తో బాధపడుతున్నారు. మనలాంటి వర్ధమాన దేశాల్లో ఆ సంఖ్య ఇంకా ఎక్కువ. వారంతా అవిశ్వాసులని మనం అనగలమా?

కొన్నిసార్లు మూలం రక్తంలోనే ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భవతుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ సరిగా పనిచేయకపోయినా మనిషి డీలా పడుతుంది, దేని మీదా మనసు నిలవదు. ఒక రక్తపరీక్షతో, మాత్రలతో తేలే సంగతిని మనం "ఆత్మీయంగా చల్లారిపోయింది" అంటూ చెప్పుకుంటే అది ఆమెకు అన్యాయమే.

ఇక్కడ మాకు తోచిన మాట కొంచెం కఠినంగానే చెబుతున్నాం. గర్భవతి చేత ఉపవాస ప్రార్థనలు చేయించకండి. ఆమె కోసం మిగతావాళ్ళం ఉపవాసం ఉండవచ్చు, ఆమెకు మాత్రం వేళకు అన్నం పెట్టాలి. ప్రార్థన చేశాం కదా, ఇక మాత్రలు ఆపెయ్ అనే అధికారం ఎవరికీ లేదు. ఇదివరకే మనసుకు సంబంధించిన మందులు వాడుతున్న స్త్రీ నెల తప్పగానే భయపడి తనంతట తాను మానేయకూడదు. ఏది ఉంచాలో, ఏది మార్చాలో డాక్టరే చెప్పాలి. మరో సంగతి. పుట్టబోయేది ఆడో మగో చెప్పడాన్ని 1994 నాటి చట్టం నిషేధించింది. స్కానింగు గదిలో చెప్పకూడనిదాన్ని ప్రార్థన కూటంలో "నీకు కుమారుడే" అని ప్రవచనంగా చెప్పడం ఏమిటి? అప్పటికే ఇద్దరు ఆడపిల్లలున్న తల్లి ఆ మాటను తొమ్మిది నెలలూ మోయాలి.

మరి సంఘం ఏం చేయగలదు? లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఒక ఇల్లు కనబడుతుంది. అక్కడ ఆరో నెల గర్భవతి అయిన వృద్ధురాలు ఎలీసబెతు ఉంది. ఐదు నెలలు ఎవరి కంటా పడకుండా గడిపిన స్త్రీ ఆమె. ఆమె దగ్గరికి నజరేతు నుంచి మరియ త్వరపడి వచ్చింది. లూకా రాసినంతలో ఎలీసబెతు ఆమెను ఆరా తీయలేదు, బుద్ధులు చెప్పలేదు. దీవించింది. ఇంట్లో పెట్టుకుంది. ఆ ఇంటి యాజకుడు జెకర్యాకు అప్పటికి నోట మాట లేదు కాబట్టి ప్రసంగాలూ లేవు! ఇంచుమించు మూడు నెలలు ఒక గర్భవతికి మరో గర్భవతి తోడు. మన స్త్రీల కూటంలో పెద్దవారు చేయగలిగింది ఇదే. వారానికి ఒకసారి వెళ్ళి పక్కన కూర్చోవడం, పప్పూ చారూ చేసి పెట్టడం, ఆమె చెప్పేది అడ్డు రాకుండా వినడం.

భర్తల పని వేరే ఉంది. పరీక్షలకు భార్యను అత్తగారితో పంపి ఊరుకోకుండా వెంట వెళ్ళాలి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భవతులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. బీపీ, బరువులతోపాటు నిద్ర లేదని, దిగులుగా ఉంటోందని కూడా అక్కడ చెప్పాలి. ఆమె చెప్పలేకపోతే భర్త చెప్పాలి. అర్ధరాత్రి భయం వేస్తే 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416 ఉంది. ఫోను ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళడం మన ఆనవాయితీ. అప్పుడు అత్తింటి ఊరి సంఘం ఆమెను పుట్టింటికి పంపేశాం కదా అనుకుంటుంది. పుట్టింటి ఊరి సంఘం ఆమె ఇక్కడి మనిషి కాదు కదా అనుకుంటుంది. కాన్పయిన మూడో రోజున మొదలయ్యే ఏడుపు సాధారణంగా రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే గమనించేవారు ఆ రెండు సంఘాల మధ్యలో ఎవరూ ఉండరు. ఆమె బస్సెక్కే రోజున ఇక్కడి పాస్టరుగారు అక్కడి పాస్టరమ్మగారికి ఒక్క ఫోను చేసి, "మా అమ్మాయి వస్తోంది, రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు, కాస్త వెళ్ళి చూస్తూ ఉండండి" అని చెబితే చాలు.