కాలు కట్టే చేతికి జీతమెంత?

మా బాబాయి కృత్రిమ కాలు ఇప్పుడు వసారాలో గొడుగు పక్కన మేకుకు వేలాడుతూ వుంది. దాన్ని అమర్చినాయన ఉద్యోగం మానేసి వెళ్ళిపోవడమే అందుకు కారణం. ఒకరి జీతానికీ మరొకరి నడకకూ సంబంధమేమిటని మిత్రులు అడగవచ్చు. మొదట నాకూ తెలియలేదు. తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

2021 వానాకాలంలో దమ్ము చేస్తూండగా ట్రాక్టరు దమ్ముచక్రం కింద పడి బాబాయి కుడికాలు నుజ్జయింది. మోకాలి కింద జానెడు మొండి మిగిల్చి డాక్టర్లు తీసేశారు. మరుసటి ఏడు, నేను ఇంటర్లో వుండగా, పట్నంలో ఒక ధర్మసంస్థ నడిపే కేంద్రానికి ఆయనకు తోడుగా వెళ్ళాను. అక్కడ కొలతలు తీసిన యువకుణ్ణి నేను డాక్టరనుకున్నాను. బాబాయి మేస్త్రీ అనుకున్నాడు. ఇద్దరం పొరబడ్డాం. ఆయన ప్రాస్థెటిస్ట్ అండ్ ఆర్థోటిస్ట్. పోయిన అవయవం స్థానంలో పెట్టేది ప్రాస్థెసిస్. వున్న అవయవానికి దన్నుగా కట్టేది, అనగా పోలియో కాలికి వేసే కాలిపర్ వంటిది, ఆర్థోసిస్.

ఆ పని చూస్తే నాకు క్లాసులో చెప్పని ఫిజిక్సు అర్థమైంది. ముందు మొండికి ప్లాస్టర్ కట్టు చుట్టి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోస్తే మొండికి నకలు వస్తుంది. అసలు విద్య ఇక్కడే వుంది. మోకాలి చిప్ప కింది నరంలాగా బరువు మోయగల చోట నకలును ఆకురాయితో అరగదీస్తారు. ఎముక చర్మానికి ఆనుకునివున్న చోట ప్లాస్టర్ అద్ది పెంచుతారు. తర్వాత ఓవెన్లో మెత్తబడ్డ పాలిప్రొపిలీన్ షీటు దానిమీద పరిచి సాకెట్ చేస్తారు. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం అని మనం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ లెక్క ఒక్క మిల్లీమీటరు తప్పితే రైతుకు పుండు పడుతుంది, అంతే తేడా.

ఆయనది శ్రీకాకుళం వైపు. ఇంటర్ తర్వాత ఒడిశాలో కటక్ దగ్గరి ఓలట్‌పూర్‌లో జాతీయ సంస్థలో బి.పి.ఓ. డిగ్రీ చదివారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ళు. రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదు కాకుండా ఈ వృత్తి చేస్తే 1992 నాటి చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు గాని, వెయ్యి రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

"ఇంత చదివితే జీతం బాగా వుంటుందా సార్?" అని అడిగాను.

ఆయన ఆకురాయి ఆపకుండానే, "ఇరవై రెండు వేలు తమ్ముడూ. పదకొండు నెలల కాంట్రాక్టు" అన్నారు.

మా వైపు కోత మిషను డ్రైవర్ సీజన్లో అంతకన్నా ఎక్కువే సంపాదిస్తాడు. సరే, జీతం పోనిద్దాం. ఆ అంకె ఎక్కడ ఆగిందో చూడండి. 2022లో ఇ.ఎస్.ఐ. పరిమితి నెలకు 21,000. వెయ్యి రూపాయలు ఎక్కువైనందువల్ల ఆయన దాని బయట పడ్డారు. లోపల వుంటే, పనిలో గాయమైనప్పుడు కోలుకునేదాకా జీతంలో 90 శాతం దాకా వచ్చేది. రోజంతా గ్రైండరు, ఓవెను, రెజిన్ ఆవిరి, ప్లాస్టర్ దుమ్ము మధ్య వుండే మనిషి సంగతి ఇది! ప్రావిడెంట్ ఫండుకు గీత 15,000. అంతకు మించిన జీతంతో కొత్తగా చేరినవాణ్ణి బయట వుంచడానికి వీలుంది, వుంచారు. కేంద్ర సంస్థల్లో పక్కా పోస్టు దొరికితే ఏడవ వేతన సంఘం స్కేలు, డి.ఏ., ఇంటద్దె అన్నీ వుంటాయి. దొరకాలి గదా.

ఎందుకిట్లా అని ఆలోచిస్తే నాకు తోచినది ఒకటే. ఈ వృత్తిలో డబ్బు మనిషి పనికి కాక వస్తువుకు వస్తుంది. 1981లో మొదలైన కేంద్ర ప్రభుత్వ 'ఏడిప్' పథకం పేదలకు ఉపకరణాలు ఇప్పిస్తుంది; ఎంతో మేలు చేసింది, కాదనను. కాని క్యాంపు లెక్క ఎన్ని కాళ్ళిచ్చారన్నదే. అమెరికాలో ఈ వృత్తికి ఇప్పుడు మాస్టర్స్ డిగ్రీ కావాలి. 2023లో వారి మధ్యస్థ వార్షిక వేతనం 78,000 డాలర్ల దరిదాపు. మన రూపాయల్లోకి మార్చి నోరు తెరవనక్కర్లేదు, అక్కడి ఖర్చులు అక్కడివి. అయితే అక్కడ కూడా మెడికేర్ బీమా కాలికి కోడ్ ప్రకారం ఒక ధర కడుతుంది. కొలతలు, బిగింపు, అమర్చిన తర్వాత 90 రోజుల్లోపు సర్దుబాట్లు అన్నీ ఆ ధరలోనే. చేతిపనికి విడిగా పద్దు లేదు.

జైపూర్ పాదం సంగతి అందరికీ తెలుసు. దానికి 1981లో మెగసెసే అవార్డు అందుకున్న డాక్టర్ పి.కె. సేఠీ పేరు జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో వుంటుంది. ఆయనతో కలిసి ఆ పాదాన్ని మలిచిన శిల్పి రామచంద్ర శర్మ పేరు మన కాలేజీలో ఎందరికి తెలుసు? అడిగి చూశాను, ఒక్క లెక్చరర్‌గారు చెప్పారు.

ఇక బాబాయి విషయం. కోసిన మొండి వాపు తగ్గి, కండ కరిగి ఏడాది, ఏడాదిన్నర దాకా చిక్కుతూనే వుంటుంది. సాకెట్ వదులవుతుంది. ఆయన వున్నన్నాళ్ళూ రెండుసార్లు లోపల పొర వేసి సరిచేశారు. ఆ రెండు పూటల పని రిజిస్టరులో ఎక్కడా ఎక్కలేదు, కొత్త కాలు కాదు గనుక. 2023లో ఆయన ఒక పరికరాల కంపెనీ అమ్మకాల విభాగంలో చేరారు. పి.ఎఫ్. వుంది, ఆరోగ్య బీమా వుంది. తప్పు పట్టను. మా నాన్న కూడా గిట్టుబాటు కాకనే చెరుకు మానేశాడు. తర్వాత కేంద్రానికి వెళితే, "మీకు కాలు ఇచ్చేశాం గదా, వచ్చే క్యాంపులో పేరు రాయించుకోండి" అన్నారు. అచ్చు తీసిన మనిషి లేడు, అచ్చు కొలతలూ లేవు. చిక్కిన మొండి అడుగుకు జారి పుండు పడింది. కాలు మేకుకెక్కింది. బాబాయి చంకకర్రలతో గట్టు దాకా వెళ్ళి అక్కడే నిలబడతాడు, మడిలో దిగలేడు.

పోయిన నెల ఆ సార్ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. పుండు పూర్తిగా మానేదాకా తొడగవద్దన్నారు. మానాక మేజోళ్ళు ఒకటికి రెండు వేసుకుని చూడమన్నారు. ఊళ్ళో వెల్డింగు షాపువాడి చేత సాకెట్ కోయించవద్దని రెండుసార్లు చెప్పారు. సంక్రాంతికి సొంతూరు వెళుతూ మా ఊళ్ళో దిగి చూస్తానన్నారు. ఆయనకు ఏమివ్వాలని బాబాయి నన్ను అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. కొత్త బియ్యం ఒక బస్తా మాత్రం విడిగా తీసిపెట్టించాడు.