మెట్ట సేద్యము – విద్యుత్తు వెల

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు పూర్వపు కృష్ణాజిల్లాలో మెట్ట సీమలు. 2022 నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. నాగార్జునసాగరు ఎడమ కాలువ ఈ సీమకు వచ్చినను, చివరి పొలములకు నీరు ప్రతియేట ఒకే తీరున అందదు. అందనిచోట ప్రత్తికి, మిరపకు బోరుబావియే దిక్కు. బోరుబావికి విద్యుత్తు దిక్కు. కావున విద్యుత్తు వెల ఎవరు భరింపవలెనను ప్రశ్న ఇచట పండితుల వాదము కాదు, ఇంటింటి విచారము.

1980 దశకమున శ్రీ ఎన్.టి. రామారావు ప్రభుత్వము అశ్వశక్తికి సంవత్సరమునకు 50 రూపాయల స్లాబు ధర విధించినది. 5 అశ్వశక్తుల మోటారు గంటకు నాలుగు యూనిట్లు వాడుననుకొందము. దినమునకు 9 గంటల వంతున నూరు దినములు నడచిన 3,600 యూనిట్లగును. రుసుము 250 రూపాయలు. అనగా యూనిటుకు ఏడు పైసలు. తరువాత ధరల పెంపుపై జనాగ్రహము పెల్లుబికి, 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో పోలీసు కాల్పుల దాకా పోయినది. 2004 మే 14న ముఖ్యమంత్రి శ్రీ వై.ఎస్. రాజశేఖరరెడ్డి సంతకముతో సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది.

రైతు చెల్లింపనంతమాత్రమున ఖర్చు మాయము కాదు. ఇబ్రహీంపట్నము కేంద్రములో కాలు బొగ్గునకు ఎవరో వెల యీయవలెను. కొంత ఖజానా ఇచ్చును; కొంత, జగ్గయ్యపేట సిమెంటు కర్మాగారముల వంటి పరిశ్రమలపై ఎక్కువ ధరగా పడును. రాయితీ సొమ్మును ప్రభుత్వము ముందుగనే చెల్లింపవలెనని 2003 నాటి విద్యుత్ చట్టము 65వ విభాగము చెప్పుచున్నది. చెల్లింపు ఆలస్యమైన పంపిణీ సంస్థ అప్పులపాలగును; తీగెలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు సొమ్ము తరుగును; వోల్టేజి పడి మోటారు కాలిపోవును. అప్పుడు మోటారు చుట్టించు కూలి రైతుదే.

మరియొక చిక్కు కలదు. అదనముగా ఒక గంట నడపినను ఖర్చు లేనందున బోరులు పోటీపడి తోడును. నీటిమట్టము దిగినపుడు ముందు ఎండునది పేదవాని బోరే. బోరే లేనివానికి ఈ రాయితీలో భాగము లేదు.

అట్లని రాయితీ అన్యాయమనరాదు. డెల్టా రైతునకు నీరు వాలున వచ్చును. ఆ ఆనకట్టకు, కాలువలకు ప్రజాధనమే వెచ్చించిరి. మెట్ట రైతు నీటిని పైకి తోడుకొనవలసి యున్నది. అతనికిని ప్రజాధనమున వాటా న్యాయమే. గుజరాతులో 2003లో ఆరంభమైన జ్యోతిగ్రామ పథకము ఊరి లైనును, పొలము లైనును వేరుచేసి, పొలమునకు పరిమిత గంటలే అయినను నిలకడగల విద్యుత్తు నిచ్చినది. సాయము చేయవలెను, ఎంత చేయుచున్నామో కొలిచి చేయవలెను. కొలతలేని సాయము తుదకు బావినే ఎండగట్టును.