ఉప్పునీళ్ళూ – వారంటీ కార్డూ

ఈ సంచికకు ఏదైనా వ్యాసం ఇవ్వమని విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి అడిగినప్పుడు, "రసాయనశాస్త్రం మీద వ్రాస్తే ఎవరు చదువుతారయ్యా?" అన్నాను. "అయితే మీ ఇంటి గీజరు సంగతి వ్రాయండి సార్. స్టాఫ్ రూములో అందరూ అదే చెప్పుకుంటున్నారు" అన్నాడు. కాబట్టి ఇది వ్రాస్తున్నాను. ఇందులో కొంత రసాయనశాస్త్రం, కొంత చట్టం, మిగిలినది నా తెలివితక్కువతనం.

మా ఇల్లు మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో ఉన్న ఒక కాలనీలో ఉంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలు, మోటబావులు ఉండేవి. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు, దాని వెంట కాలనీలు వచ్చాయి. తోటలు పోయినా భూమి లోపలి రాయి మారలేదు గదా! ఇక్కడంతా నల్లరాతి నేల. బోరు ఎంత లోతుకు దిగితే, నీళ్ళు అంత ఎక్కువకాలం ఆ రాతి పగుళ్ళలో నిలిచి కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకొని పైకి వస్తాయి. మా వాళ్ళు వాటిని "ఉప్పునీళ్ళు" అంటారు. పాఠ్యపుస్తకంలో దాని పేరు కఠిన జలం.

2022 నవంబరులో అమ్మ కోసం మేడ్చల్ బజారులో పదిహేను లీటర్ల గీజరు కొన్నాను. ఆమెకు డెబ్బై ఆరేళ్ళు. చలి మొదలైతే మోకాళ్ళు పట్టేస్తాయి. షాపతనితో, "మాది బోరు నీళ్ళు. దానికి ఏది పనికొస్తుందో నువ్వే చెప్పు" అన్నాను. "ఈ ఏరియాల అందరికీ గిదే ఇస్తున్నం సార్. ఫికరు లేదు" అని ఒకటి తీసి ముందు పెట్టాడు. ట్యాంకుకు ఐదేళ్ళు, ఎలిమెంటుకు రెండేళ్ళు వారంటీ. కంపెనీ మనిషి వచ్చి బిగించి, ఒక కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకొని వెళ్ళాడు. ఆ కాగితాన్ని, కార్డును చదవకుండానే బీరువాలో పడేశాను. పరీక్షలో ప్రశ్నపత్రం పూర్తిగా చదవని విద్యార్థులను ఇన్నేళ్ళుగా మందలిస్తూ వచ్చిన వాణ్ణి నేను!

పధ్నాలుగు నెలలు బాగానే పనిచేసింది. తర్వాత లోపల మరమరాలు వేయించుతున్నట్టు చిటపట చప్పుడు మొదలైంది. పట్టించుకోలేదు. 2024 జనవరిలో ఒకరోజు పొద్దున అమ్మ స్నానాలగదిలోంచి బయటికి వచ్చి, "బిడ్డా, నల్లా ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటున్నదిరా" అంది. "చలికి తిమ్మిరెక్కిందేమో లేవే అమ్మా" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇవాళ కూడా సిగ్గేస్తుంది. మర్నాడు మళ్ళీ అదే మాట అంటే, వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. అతను టెస్టరు పెట్టగానే నల్లా దగ్గర లైటు వెలిగింది. వెంటనే మెయిన్ ఆపేసి, "సార్, అమ్మ తడి కాళ్ళతోని నిలబడి రెండు చేతులా పట్టుకుంటే ఏమైతుండెనో ఎరుకనా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. అతను సాకెట్టు విప్పి చూపించాడు. ఎర్తు వైరు ఎక్కడా తగలకుండా పెట్టెలో ముడుచుకొని పడి ఉంది.

రెండు రోజులకు కంపెనీ సర్వీసు కుర్రవాడు వచ్చాడు. గీజరు విప్పి ఎలిమెంటు బయటికి తీశాడు. దాని మీద వేలెడు మందాన తెల్లగా గారకట్టి ఉంది. బకెట్టు అంచున ఉన్న తెల్లచారలు కూడా చూసి, "మీ నీళ్ళల్ల సున్నం ఎక్కువుంది సార్. గిది వారంటీల రాదు. ఎలిమెంటుకు, సర్వీసు చార్జికి పైసలు కట్టాలె" అన్నాడు. బీరువాలోంచి కార్డు తీసి చదివాను. నిజమే. కఠినజలం వల్ల పేరుకున్న గారకు కంపెనీ బాధ్యత లేదని చీమతలకాయలంత అక్షరాలతో వేశారు. కాని ఎంత కాఠిన్యం దాటితే కఠినజలమో అందులో ఎక్కడా లేదు.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు. బోరు నీటిలో కాల్షియం బైకార్బొనేటు కరిగి ఉంటుంది. నీళ్ళు కాగినప్పుడు అది కాల్షియం కార్బొనేటుగా, నీరుగా, కార్బన్ డై ఆక్సైడుగా విడిపోతుంది. కాల్షియం కార్బొనేటు నీటిలో కరగదు. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే, అనగా ఎలిమెంటు మీదనే, అతుక్కుంటుంది. అది వేడిని ప్రసరింపజేసే శక్తి రాగి కంటే వంద రెట్లకు పైగా తక్కువ. కరెంటు మాత్రం ఎప్పటిలాగే వేడి పుట్టిస్తూనే ఉంటుంది. ఆ వేడి నీళ్ళలోకి సులువుగా పోలేక ఎలిమెంటే అతిగా కాగిపోతుంది. గార పొర కింద చిక్కిన నీళ్ళు ఆవిరై చిట్లితే వచ్చేదే ఆ మరమరాల చప్పుడు.

ఎలిమెంటు పైన లోహపు గొట్టం, మధ్యలో నిక్రోమ్ తీగ, రెంటి నడుమ గట్టిగా దట్టించిన మెగ్నీషియం ఆక్సైడు పొడి ఉంటాయి. ఆ పొడి వేడిని పోనిస్తుంది గాని కరెంటును పోనివ్వదు. గొట్టం అతిగా కాగి సన్నని పగులు పట్టిందంటే పొడిలోకి తేమ చేరుతుంది. అప్పుడు కరెంటు నీళ్ళలోకి, నల్లాలోకి దారి చేసుకుంటుంది. ఎర్తు సరిగా ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే నల్లా పట్టుకున్న మనిషి గుండా పోతుంది. పదహారు ఆంపియర్ల ఎం.సి.బి. ఉందిలే అనుకుంటే పొరపాటు. మనిషి ప్రాణానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లే చాలు. అంత చిన్న లీకేజీ ఎం.సి.బి.కి కనపడదు. దాన్ని పట్టుకోవడానికి ముప్పై మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. వేరే ఉండాలి. మా ఇంట్లో అది కూడా లేదు.

కాబట్టి సర్వీసు కుర్రవాడు చెప్పిన రసాయనశాస్త్రం సరైనదే. ఒక లెక్చరరుగా నేను ఒప్పుకోవాలి. కాని కారణం చెప్పడం వేరు, బాధ్యత తేల్చడం వేరు. అతను నీళ్ళను కొలవలేదు, బకెట్టును చూశాడు. అందుకని మన కాలేజీ లాబులోనే ఇ.డి.టి.ఏ.తో టైట్రేషను చేశాను. ఎరియోక్రోమ్ బ్లాక్-టి వేస్తే ద్రాక్షరసం రంగు వచ్చి చివరకు నీలమైపోయే ప్రయోగం, మీకందరికీ తెలిసిందే. తాగేనీటికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటివనరు లేనిచోట 600 వరకూ అనుమతిస్తారు. మా నీళ్ళు 200 దాటాయి గాని 600 లోపలే ఉన్నాయి. ఆ ప్రమాణం తాగడానికి పెట్టినదే, గీజర్లకు కాదు. అయినా, దేశం తాగనిచ్చే నీళ్ళు గీజరుకు సరిపడవంటే ఆ సంగతి అమ్మేముందు చెప్పాలా వద్దా?

ఇక చట్టం సంగతి. మనం గ్యారంటీ, వారంటీ అని ఒకే ఊపిరిలో అంటాం గాని, 1930 నాటి వస్తు విక్రయ చట్టం అమ్మకంలోని మాటలను రెండు రకాలు చేసింది. ఒప్పందానికి ప్రాణం లాంటిది "షరతు". అది తప్పితే వస్తువును తిప్పికొట్టవచ్చు. దానికి అనుబంధంగా ఉండేది "వారంటీ". అది తప్పితే నష్టపరిహారం అడగవచ్చు గాని వస్తువును తిరస్కరించడానికి వీల్లేదు. ఇదిగాక ఆ చట్టం 16వ సెక్షనులో మరొక మాట ఉంది. కొనేవాడు తన అవసరం ఏమిటో చెప్పి, అమ్మేవాడి తెలివిని నమ్ముకొని కొంటే, ఆ సరుకు ఆ అవసరానికి పనికిరావాలన్నది చెప్పకుండానే ఉన్న షరతు. నేనే ఫలానా కంపెనీది ఇమ్మని పేరుపెట్టి అడిగి ఉంటే నా వాదన బలహీనపడేది. "మాది బోరు నీళ్ళు, నువ్వే చెప్పు" అన్నాను గనుక నిలబడింది.

దీనికి తోడు వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. మొదటిది 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో చేసిన చట్టం 2020 జులై నుంచి అమలులోకి వచ్చింది. మేడ్చల్ వంటి చోట ఉండేవారికి అందులో ముఖ్యమైన మేలు ఒకటుంది. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా, ఫిర్యాదుదారు తానున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. తగాదాకు కారణం పుట్టిన నాటినుంచి రెండేళ్ళలోగా వేయాలి. లోపం పరీక్షిస్తేగాని తేలనిదైతే కమిషన్ నమూనాను ప్రయోగశాలకు పంపుతుంది. ఆ ఫీజు ముందుగా ఫిర్యాదుదారునే కట్టమనవచ్చు. పరీక్ష అక్కరలేని కేసు మూడు నెలల్లో, కావలసిన కేసు ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో ఇంకా ఆలస్యం కావడం మామూలే.

అంత దూరం పోకముందు నేను బీరువా కాగితాలన్నీ బల్ల మీద పరిచాను. నా చేత సంతకం పెట్టించిన ఆ కాగితం అప్పుడు మొదటిసారి చదివాను. గీజరు బిగించినప్పటి రిపోర్టు అది. "ఎర్తింగు పరీక్షించడమైనది" అన్నచోట కంపెనీ మనిషి టిక్కు పెట్టాడు. "నీటి కాఠిన్యం" అన్న గడి ఖాళీగా ఉంది. చూడని ఎర్తు చూసినట్టు వ్రాశాడు, కొలవవలసిన నీళ్ళు కొలవలేదు. కింద నా సంతకం కూడా ఉంది. ఆ తప్పులో నాకూ వాటా ఉందన్నమాట.

కంపెనీకి, షాపుకు ఒకే ఉత్తరం వ్రాశాను. బిల్లు, కార్డు, రిపోర్టు నకళ్ళు, ఎలిమెంటు ఫోటో, టైట్రేషను ఫలితం జతపరచి రిజిస్టర్డు పోస్టులో పంపాను. కోపం మాటలు ఒక్కటీ లేవు. మూడు ప్రశ్నలే వేశాను. మీ కార్డు ప్రకారం ఎంత కాఠిన్యం వరకు సమ్మతం? బిగించిన రోజున మీ మనిషి నీళ్ళెందుకు కొలవలేదు? పరీక్షించామన్న ఎర్తు ఎక్కడుంది? పదిహేను రోజులు చూసి, జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేశాను. అక్కడ తెలుగులోనే చెప్పుకోవచ్చు. వాళ్ళు తీర్పు ఇవ్వరు, కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు రాబడతారు, అంతే. ఆ "అంతే" చాలాచోట్ల సరిపోతుంది.

మా విషయంలోనూ సరిపోయింది. నెల తిరక్కుండా ఒక ఇంజనీరు వచ్చి పాత గీజరు పట్టుకెళ్ళి కొత్తది బిగించాడు. ఈసారి నా ఎదుటే ఎర్తు పరీక్షించాడు. "ఇది మా తప్పని కాదండీ, కస్టమరు మీద గౌరవంతో మార్చాం" అన్నాడు. మొదటి బిగింపులో లోపం జరిగిందని వ్రాసివ్వమన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు. కమిషన్ దాకా పోయి ఆ మాట వ్రాయించుకోవలసింది. కొత్త గీజరు వచ్చింది గదా అని ఊరుకున్నాను. దాని ఫలితం ఏమిటంటే, మా వీధిలోనే మరొకరి గీజరు అలాగే చెడితే, "మీ నీళ్ళల్ల సున్నం ఉంది" అన్న జవాబే వాళ్ళకూ వస్తుంది. నా పని అయిపోయింది గాని, న్యాయం సగంలోనే ఆగింది.

మిత్రులారా, ఇందులో మీరు గుర్తుంచుకోవలసినవి నాలుగే. కొనేటప్పుడు బిల్లు అడగండి, మీ నీళ్ళ సంగతి చెప్పండి, వీలైతే అది బిల్లు మీదే వ్రాయించండి. బిగించిన కాగితం చదివి, ఖాళీ గడులు నింపిన తర్వాతనే సంతకం పెట్టండి. బోరు నీళ్ళున్న ఇంట్లో ఏడాదికి ఒకసారైనా గార తీయించండి, ట్యాంకులోని మెగ్నీషియం కడ్డీని చూపించండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తానే కరిగిపోవడం ఆ కడ్డీ పని. అది అయిపోతే తర్వాతి వంతు ట్యాంకుదే. అన్నిటికంటే ముఖ్యం, నల్లా జుమ్మన్నదని ఇంట్లో ఎవరు చెప్పినా, ముందు మెయిన్ ఆపి ఆ తర్వాత మాట్లాడండి.

హాస్టలు మిత్రులు తమ గీజర్ల ఎర్తు ఎప్పుడు పరీక్షించారో వార్డెను గారిని అడగండి. మీ ఊరి బోరు నీళ్ళు శుభ్రమైన సీసాలో అరలీటరు పట్టి తెస్తే, శనివారం మధ్యాహ్నం లాబులో నేనుంటాను. టైట్రేషను మాత్రం మీరే చేయాలి.

మా అమ్మ ఇప్పటికీ ఆ కొత్త గీజరు నల్లాను కొంగు చుట్టుకొనే తిప్పుతుంది. ఎర్తు ఉంది, ఆర్.సి.సి.బి. కూడా పెట్టించానని ఎంత చెప్పినా, "నువ్వు అప్పుడు గూడ ఏం గాదన్నవు గద బిడ్డా" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.