వార్తల్లో పదం: సార్

2023 జులై 27. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని మోరంచపల్లిని తెల్లవారేసరికి వాగు ముంచెత్తింది. జనం ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అలాంటి రోజున ఆకాశమంతా మబ్బులే. మామూలు ఉపగ్రహ కెమెరాకు నేల కనపడదు. అప్పుడు అక్కరకొచ్చేదే సార్, అంటే సింథటిక్ అపర్చర్ రాడార్.

ఇది ఎండ కోసం ఎదురుచూడదు. తానే మైక్రోవేవ్ తరంగాలను ఏటవాలుగా పంపి, తిరిగొచ్చినవాటిని పట్టుకుంటుంది. మబ్బు అడ్డుకాదు, రాత్రయినా ఒకటే. చెట్టూ చేమా, గట్టూ పుట్టా తరంగాలను వెనక్కి కొడతాయి కాబట్టి చిత్రంలో తెల్లగా పడతాయి. నిలిచిన నీరు అద్దంలా వాటిని అవతలికి జార్చేస్తుంది, నల్లగా కనిపిస్తుంది. మామూలు రోజుల్లో వరంగల్‌లోని భద్రకాళి చెరువు ఒక నల్లమచ్చ. వరదప్పుడు అలాంటి నలుపు పొలాల మీదికి ఎంత పాకిందో చూస్తే మునక లెక్క తేలుతుంది. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వరద పటాలు గీసేది ఇలాగే.

2022 ఫిబ్రవరి 14న ఎగిరిన ఈఓఎస్-04 ఉపగ్రహంలో, 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో, నాసాల నైసార్‌లో ఉన్నది ఈ రాడారే.

అయితే హనుమకొండ కాలనీల్లాంటి చోట గోడలే తరంగాలను తిప్పికొడతాయి. వీధిలో మోకాలిలోతు నీళ్లున్నా చిత్రంలో దొరక్కపోవచ్చు. పైగా నైసార్ మళ్లీ అదే దారిన వచ్చేది 12 రోజులకు. వాగు అన్నాళ్లు ఆగదు.

కరువు మెల్లగా వస్తుంది, దానికి ఈ ఎడం సరిపోతుంది. తడినేల, పొడినేల తరంగాలకు ఒకేలా బదులివ్వవు. నడివానాకాలంలో బెట్ట తగిలితే, పత్తి ఆకు వాలకముందే ఎటువైపు తేమ ఇంకిపోతోందో అంచనా కట్టవచ్చు.